ఎడమచేతి తలంబ్రాలు

గోటి తలంబ్రాలంటే తెలియనివాళ్లకు ముందే చెబుతాను. సీతారాముల కల్యాణానికి వడ్లను దంచకుండా, మరలో వేయకుండా, ఒక్కొక్క గింజా గోటితో ఒలిచి ఆ బియ్యం భద్రాచలం చేరుస్తాం. ఈ చలికాలంలో నాకు క్యాన్సర్ తిరగబెట్టింది. మందులకు కుడిచేతి గోళ్లు నల్లబడి ఊడిపోయాయి. ఎడమచేతికి రెండు గట్టిగా నిలిచాయి. వాటితోనే ఒలిచాను.

"ఎడమచేత్తో దేవుడి పనా, వదినా? నాకియ్యి, నేను ఒలుస్తా" అంది మా ఆడబిడ్డ. ఇయ్యలేదు.

ఎర్రుపాలెంలో ఏడింటి రైలెక్కి ఖమ్మంలో దిగాను. ఎనిమిదిన్నరకు భద్రాచలం బస్సు. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మరిచిపోకండి. కొత్తగూడెంలో టీకి ఆపారు. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్నామె సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోతుందట. ఒళ్లో ఆ స్టీలు డబ్బా ఏమిటని అడిగితే అంతా చెప్పాను.

"గింత నమ్ముకున్నా మళ్లా వచ్చింది గదక్కా. ఇంకేం నమ్ముడు?" అంది.

నాకు మండింది. "నమ్మితే రోగం రాదని ఆయనెప్పుడన్నడు? ఈ అడవిలనే పెండ్లాన్ని పోగొట్టుకొని ఏడ్చుకుంట తిరిగినోడు. కష్టంల దారి ఆయనకు గాక ఎవలకు తెలుస్తది? ఆయన నడిపిస్తడు, నేను నడుస్తా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. సారపాకలో దిగేముందు మాత్రం, "నా తరఫున గూడ ఒక దండం పెట్టక్కా" అంది.

వంతెన దాటి పన్నెండు కాకముందే దిగాను. గోదావరిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనబడింది. గుడి మెట్లు నాలుగుసార్లు ఆగి ఎక్కాను. తలంబ్రాలు అప్పగించే చోట అందరూ సంచులతో వచ్చారు. నాది గ్లాసెడు. దాచడం నాకు చేతకాదు. బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయనకు చేతులు చూపించి, ఎడమచేత్తో ఒలిచానని చెప్పేశాను. వద్దంటే ఏం చేయాలో మాత్రం ఆలోచించుకుని రాలేదు.

ఆయన బియ్యం పళ్లెంలో పోసి వేలితో కదిపి చూశాడు. "ఏ చెయ్యని మేం చూడమమ్మా. గింజ ఇరిగిందా లేదా, గంతే" అన్నాడు. ఒక్క నూక లేదు. నా గ్లాసెడూ రాశిలో కలిసిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆయన పుస్తకం తెరిచి, "వచ్చే యేడు ఎంత ఒలుస్తరు? రాసుకుంటా" అన్నాడు.

"రెండు కిలోలు రాయండి."

నా వేళ్ల వైపు ఒకసారి చూసి రాసుకున్నాడు.

దర్శనం చేసుకుని, మిల్లు ఆమె దండం కూడా పెట్టి, రెండింటి బస్సులో పెరుగన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది. సోమవారం మళ్లీ దవాఖానా. వచ్చే యేటి సంగతి ఎత్తితే డాక్టరు మాట మారుస్తాడు. మార్చుకోనీ. నేను రెండు కిలోలకు పేరు రాయించి వచ్చాను. ఒలిచేది నేను, గోళ్లు మొలిపించే పూచీ ఆ రాముడిది.