ఎడమ పురి

పోచంపల్లిలో బాలకృష్ణకు గ్రాఫు వేసే మనిషిగా పేరుంది. చీర మగ్గం ఎక్కకముందే, పోగుల మీద ఏ ముడి ఎక్కడ కట్టాలో, ఏ రంగు ఎక్కడ ఆగాలో గళ్ల కాగితం మీద తేల్చాలి. తండ్రి సాయిలు దగ్గర ఆ పని నేర్చుకుని, తర్వాత దాన్ని కంప్యూటర్ మీదికి ఎక్కించాడు. ఇంటర్ తప్పినవాడు. వీడియోలు చూసి, చెడగొట్టి, బాగుచేసుకుంటూ నేర్చాడు. ఆ పనిలో అందరూ పాటించే పద్ధతి ఒకటుంది: బొమ్మను సగమే గీస్తారు. ఒక నెమలిని గీస్తే చాలు, ఎదుటి నెమలి అద్దంలో చూసినట్టు దానంతటదే వస్తుంది. సగం శ్రమ తప్పుతుంది.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. షాద్‌నగర్ దగ్గర ఒక మందుల కంపెనీలో కంప్యూటర్ మీద నమూనాలు సిద్ధం చేసే మనిషి కావాలని తెలిసి వెళ్లాడు. అక్కడి శాస్త్రవేత్త మమత. మహబూబ్‌నగర్ పిల్ల, ముప్పై నిండలేదు. వైరస్ తన ముల్లుతో మనిషి కణం మీది రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను ఎట్లా పట్టుకుంటుందో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. ఆ పట్టు తెలిస్తే మందు ఎక్కడ తగలాలో తెలుస్తుంది. లెక్క మొదలుపెట్టేముందు రిసెప్టర్ నమూనాను లోపాల్లేకుండా తయారుచేయడం బాలకృష్ణ వంతు. అతని గ్రాఫులు చూసి మమత సర్టిఫికెట్లు అడగలేదు.

"చేతిపని తెలిసిన మనిషి కావాలె అన్నా. మాటలు చెప్పేటోళ్లు ఇక్కడ చానమంది ఉన్నరు" అన్నది.

ఏడాది బాగానే నడిచింది. ఆ రిసెప్టర్ జంటగా ఉంటుంది. ఒకసారి మమత ఒకటే ఉన్న ఫైలు ఇచ్చి, రెండోదాన్ని కూడా కట్టి జంట పూర్తి చేయమన్నది. బాలకృష్ణ చేతికి అలవాటైన పని అది. నెమలికి చేసినట్టే అద్దం తిప్పాడు. సాఫ్ట్‌వేర్ ఏదో హెచ్చరిక చూపింది. అట్లాంటివి రోజుకు పది వస్తాయి. చదవకుండా తోసేశాడు.

ఆరు వారాలు యంత్రాలు లెక్క నడిపాయి. ఫలితం వింతగా వచ్చింది. ముల్లు ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటోంది, రెండోదాని మీద నిలవక జారిపోతోంది. ఎందుకు జారుతోందో తెలిస్తే మందుకు దారి దొరికినట్టేనని మమత సంబరపడింది. సోమవారం బయటి నిపుణుల ముందు ఆ సంగతి చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటేనే ఆమె పని ఇంకో రెండేళ్లు సాగుతుంది.

శనివారం ఇంటికొచ్చిన బాలకృష్ణ, ల్యాప్‌టాప్ తెరిచి తండ్రికి ఆ బొమ్మ చూపించాడు. ప్రోటీన్ తెర మీద చుట్టలు చుట్టలుగా, పురి పెట్టి మెలితిప్పిన పోగులా కనబడుతుంది. సాయిలు కళ్లద్దాలు సర్దుకుని, నూలు చూసేటప్పటిలాగే బొటనవేలు, చూపుడువేలు గాలిలో తిప్పాడు.

"గీ దిక్కు కుడి పురి ఉన్నది. గా దిక్కు ఎడమ పురి ఉన్నది. రెండూ ఒక్క తీరు పోగు కాదార?"

"ఒక్కటే బాపు. అద్దం తిప్పిన."

"బొమ్మను తిప్పుతం గని పోగును తిప్పుతమార? కండ్లు మసకైనయి నాకా, నీకా?"

బాలకృష్ణ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని చూశాడు. నెమలి ఎటు తిరిగినా పోగు పురి మారదు. మనిషి ఒంట్లో ప్రోటీన్ చుట్టలు కుడి పురితోనే ఉంటాయని మమత మొదటి నెలలోనే చెప్పింది. జంటలో రెండూ కుడిచేతుల్లాంటివే. ఒకదాన్ని సగం చుట్టు తిప్పి ఎదురుగా నిలబెట్టాలి. తాను ఎడమచెయ్యి చేసి పెట్టాడు. ముల్లు జారిపోదా మరి.

ఫోన్ తీసి మమత నంబరు నొక్కాడు. మోగకముందే కట్ చేశాడు. ఇంకోసారి కూడా అంతే. ఎవరూ గమనించకపోవచ్చులే అనుకున్నాడు. చేతిపని తెలిసిన మనిషి అన్న ఆ మాట పోతుందని భయపడ్డాడు. ఆదివారం కూడా అట్లాగే గడిచిపోయింది.

సోమవారం అతను వెనక వరుసలో కూర్చున్నాడు. మమత బొమ్మ చూపించగానే ఒక పెద్దాయన దాన్ని ఇంకా పెద్దది చేయమన్నాడు. ఆ చుట్టలు ఎటు తిరుగుతున్నాయో చూడమ్మా అన్నాడు. మమత చూసింది. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగి ఉన్నాయి. నమూనాను ఎవరు సరిచూశారని కంపెనీ పెద్ద అందరి ముందూ అడిగాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బాధ్యత తనదేనని చెప్పింది. బాలకృష్ణ నోరు తెరవలేదు.

సాయంత్రం కంప్యూటర్ గదిలో ఆమె ఒక్కతే వైర్లు చుట్టుకుంటుంటే వెళ్లి, తప్పు తనదని చెప్పాడు. తప్పులు అందరికీ అవుతాయని, తాను కూడా చూసుకోలేదని ఆమె మెల్లగా అన్నది. అక్కడితో వచ్చేయొచ్చు. కాళ్లు కదల్లేదు.

"నాకు శనివారమే తెలిసింది మేడం."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఒక్క ఫోన్ చేస్తే సరిపోతుండె గదన్నా" అన్నది.

మరునాడు బాలకృష్ణ కంపెనీ పెద్ద దగ్గరికి పోయి అంతా రాసిచ్చాడు. ఆయన కాగితం తీసుకున్నాడు కానీ, మమత పని ఆపేయాలన్న నిపుణుల నిర్ణయం మారలేదు. రెండు నెలల్లో మమత ఆ ఉద్యోగం వదిలి పుణె వెళ్లిపోయింది. చివరి రోజు పెన్‌డ్రైవ్ తిరిగి ఇస్తూ "ఇది మీదే, బాలకృష్ణ గారూ" అన్నది. 'అన్నా' అని పిలవలేదు.

జంటను సరిగ్గా కట్టడానికి అతనికి ఒక పూట పట్టింది. ఈసారి ముల్లు రెండింటినీ పట్టుకుంది. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. ప్రతి నమూనా ముందూ రెండు వేళ్లు గాలిలో తిప్పి చూస్తాడు. తోటివాళ్లు నవ్వుతారు. ఎందుకో చెప్పడు.

శనివారాలు ఇంటికొచ్చి తండ్రి పక్కన ముడులు కడతాడు. పక్కింటి లింగస్వామి వస్తే సాయిలుకు హుషారు.

"పెద్ద పెద్ద సదువులోళ్లు ఎవ్వరూ చూడలె. నేను పట్టిన. లేకుంటే సోమవారం గా పిల్ల పరువు పోతుండె."

"నిజమేనా బాలన్నా?" అని అడుగుతాడు లింగస్వామి.

"బాపే పట్టిండు" అంటాడు బాలకృష్ణ, ముడి మీది నుంచి కళ్లు ఎత్తకుండా.