టైలరమ్మ మొదట చెప్పిన మాట

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ముందు గదిలో కుట్టుమిషను, గుమ్మం మీద కత్తెర బొమ్మ. అందరికీ టైలరమ్మే. ఎవరైనా గుమ్మంలో నిలబడితే ముఖం కన్నా ముందు భుజాలు చూసేది. లావెక్కినవాళ్ళు "బట్ట ముడుచుకుపోయింది టైలరమ్మా" అంటే, "ఈ ఏడు అన్ని బట్టలకీ అదే రోగం" అని నవ్వకుండా కుట్లు విప్పేది.

పోయిన భర్త ఈగని తోలాలన్నా ఆలోచించే మనిషి. అలాంటివాడి కొడుకు తన పెళ్ళాం మణికట్టు విరగ్గొట్టాడంటే వీధిలో మొదట ఎవరూ నమ్మలేదు. కేకలు విన్న పక్కింటివాళ్ళే పోలీసుల్ని పిలిచారు. కోర్టులో వాడు తప్పు ఒప్పుకున్నాడు. బెయిలు మీద స్నేహితుడి గదిలో ఉంటున్నాడు. ఇక తేలాల్సింది శిక్ష సంగతే.

ఇంటి సంగతులు కనుక్కుని జడ్జిగారికి రిపోర్టు ఇవ్వడానికి ప్రొబేషన్ ఆఫీసరు ఒక మధ్యాహ్నం వచ్చింది. చిన్న వయసు. ప్యాంటు అంచు ఊడి వేలాడుతోంది.

"కాలు ఇలా పెట్టమ్మా, రెండు కుట్లు వేస్తాను. తట్టుకుని పడితే ఆ కేసు కూడా మా ఇంటి మీదకే వస్తుంది" అంది టైలరమ్మ.

ఆఫీసరమ్మ నవ్వుతూ స్టూలు మీద కాలు పెట్టింది. తర్వాత అడిగింది. "మీవాడు అంతకుముందు ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా? మొదటిసారైతే జైలు లేకుండా ఏడాదిపాటు క్లాసులకి పంపొచ్చు. కోపాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలో నేర్పుతారు. ఇంట్లోనే ఉంటాడు. అలవాటే అయితే మాత్రం ముందు జైలు."

"కోడల్ని అడిగారా?"

"అడిగాను. 'మా అత్తయ్యని అడగండి' అంది. అంతకు మించి పెదవి విప్పడం లేదు."

టైలరమ్మ దారం పళ్ళతో తెంపింది. "మొదటిసారే" అంది.

కోర్టు ముందురోజు సాయంత్రం కోడలు మేడ దిగి వచ్చింది. కట్టు వేసిన చెయ్యి ఏ బట్టలోనూ దూరడం లేదు. "ఒకవైపు చెయ్యి పొట్టిగా కత్తిరిస్తారా అత్తయ్యా?" అని తన బట్టలన్నీ బల్ల మీద పెట్టి వెళ్ళింది.

అన్నీ టైలరమ్మ కుట్టినవే. అన్నిటికీ మణికట్టు దాకా చేతులు. మండే ఎండల్లో ఆ పిల్ల "ఇంకాస్త పొడుగ్గా పెట్టండి" అంటే, ఎందుకని అడగకుండా పెట్టింది. ఒకసారి కొలత తీస్తుంటే మోచేతి పైన టేపు తగిలి ఆ పిల్ల ఉలిక్కిపడింది. టైలరమ్మ అంకె మాత్రం రాసుకుంది. ఇన్నాళ్ళూ కోడలే దాచిందని సర్దిచెప్పుకుంది. ఆ పొడుగు చేతులు కుట్టింది మాత్రం తను.

మర్నాడు జడ్జిగారు క్లాసుల మాట ఎత్తుతుండగా ఆవిడ లేచింది. "కూర్చోమ్మా, అంతా మనకి అనుకూలంగానే ఉంది" అని లాయరు గుసగుసలాడాడు.

"అందుకే లేచానయ్యా" అంది. జడ్జివైపు తిరిగింది. "మొదటిసారి కాదండీ. నేను అబద్ధం చెప్పాను."

కొడుకు తలెత్తి చూశాడు. ఆవిడ వాడివైపు చూడలేకపోయింది.

"మీకేం కావాలమ్మా?" అన్నారు జడ్జి.

"వాడు బాగుపడి ఇంటికి రావాలి. కానీ వాడి అడుగుల చప్పుడు వింటే ఆ పిల్ల బిగుసుకుపోకూడదు. రెండూ అడగొచ్చో లేదో నాకు తెలీదండీ."

జడ్జి ముందున్న కాగితం మీద ఒక మాట కొట్టేశారు. ఆరు నెలలు జైలు, అక్కడే క్లాసులు మొదలవ్వాలి, బయటికి వచ్చాక ఏడాది కొనసాగాలి, భార్య సరేననేదాకా ఆ ఇంటి గడప తొక్కకూడదు అన్నారు.

తీసుకెళుతుంటే కొడుకు ఒక్క క్షణం ఆగాడు. "నువ్వే పంపావమ్మా" అన్నాడు.

తిరుగు బస్సులో అత్తాకోడళ్ళకి పక్కపక్కనే చోటు దొరికింది.

"ముందే చెప్పాల్సిందమ్మా" అంది టైలరమ్మ.

"చెబుతారో లేదో చూద్దామనే మిమ్మల్ని అడగమన్నాను." కోడలు ముందు సీటు వెనకభాగం చూస్తూ మాట్లాడింది. "మొదటిసారి నేను అరిచినప్పుడు కింద మిషను ఆగింది అత్తయ్యా. మీరు పైకి వస్తారనుకున్నాను. కాసేపటికి మళ్ళీ మొదలైంది."

దారం తెగిందని అనొచ్చు. టైలరమ్మకి ఆ పూట మిషను మీదున్న బట్ట రంగు కూడా గుర్తుంది.

"ఆపాను" అంది. "విన్నాను. విని, మళ్ళీ తొక్కాను."