అంచు నాడె పంపే చెయ్యి

మా వీధిలో అంచు నాడె పంపడంలో నా భార్య స్వరూపను మించిన చెయ్యి లేదు. పెళ్లాం అని పొగడటం లేదు, మొన్నటిదాకా నేను ఆమెను తిట్టిన తిట్లు వీధంతా విన్నది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచుకు వేరే నాడె, అంటే అడ్డపోగును అటూ ఇటూ లాక్కెళ్లే చెక్క పరికరం, ఉంటుంది. మగ్గంలో కూర్చున్నవాడు ఒక్కడే అన్నీ అందుకోలేడు. పక్కన ఇంకో మనిషి కూర్చుని, పట్టు పోగు నూలు పోగుతో కలిసేలా ఆ నాడెను పంపాలి. పద్దెనిమిదేళ్లు స్వరూపే పంపింది.

రెండేళ్ల కింద ఆ చెయ్యి నెమ్మదించింది. నాడె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయేది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచేది. పక్కింటామె పేరు నోటికి రాక తడుముకునేది. ఎండాకాలంలో స్వెట్టరు వేసుకునేది, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునేది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఇన్ని చూసినా నాకు తోచింది ఒక్కటే, సోమరితనం. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

“తలకాయ యాడ పెట్టినవే? తిని పండుడు ఎక్కువైంది నీకు” అనేవాణ్ణి.

“ఏమో, నాకే తెలుస్తలేదు” అనేది. ఆ మాటకు ఇంకా మండేది.

ఒకనాడు పోగులు కలవకుండానే నాడె పంపింది. నాలుగు వేళ్ల మేర నేశాక చూస్తే అంచు ఒకవైపు, చీర ఒకవైపు. నేసేవాణ్ణి నేను, చూసుకోవాల్సిందీ నేనే. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

“లెవ్వు. నీ చెయ్యి పడితే చీర చీర గాదు. రేపటి సంది జోగులమ్మ కూసుంటది” అన్నాను.

లేచి వంటింట్లోకి వెళ్లింది. మరునాడు పక్కింటి జోగులమ్మ వచ్చి కూర్చుంది. నిజం చెప్పాలంటే, నాకు హాయిగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వనపర్తిలో నర్సింగు చదివే మా బిడ్డ రోజా సెలవుకు ఇంటికొచ్చింది. తల్లిని చూసి నా మీద లేచింది. “నాయినా, కండ్లు కనిపిస్తలేవా నీకు? అమ్మ మొఖం ఎట్లయిందో జూడు. పద దవాఖానకు.” ఒక రోజు మగ్గం ఆగుతుందని సణుగుతూనే వెంట వెళ్లాను.

డాక్టరు రక్తపరీక్ష కాగితం చూశాడు. “థైరాయిడ్ బాగా తగ్గిందయ్యా. అది తగ్గితే ఒళ్లే కాదు, మెదడు కూడా మందగిస్తుంది. మతిమరుపు, దిగులు, చలి అన్నీ దానివల్లే. రోజూ ఒక గోలీ వేసుకుంటే తగ్గుతుంది” అన్నాడు. తర్వాత స్వరూప వైపు తిరిగి, “ఇన్నాళ్లు ఎందుకు రాలేదమ్మా?” అని అడిగాడు.

“సోమరితనానికి గూడ గోలీ ఉంటదని నాకేం ఎరుక సారూ” అంది.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా నమ్మింది. నమ్మించింది నేను. ఆ గదిలో నా బిడ్డ ముందు తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు రోజూ పరగడుపున ఆ గోలీ, గ్లాసు నీళ్లు నేనే అందిస్తున్నాను. మూడు నెలలకు వాపు దిగింది, పేర్లు గుర్తుకొచ్చాయి. జోగులమ్మతో నవ్వుతూ మాట్లాడటం కూడా విన్నాను. మళ్లీ మగ్గం దగ్గరికి రమ్మని అడిగాను.

“వద్దులే. మల్ల చెడగొడ్తనేమో” అంది.

నాలుగు రోజులు బతిమాలితే, ఐదోనాడు వచ్చి కూర్చుంది. చెయ్యి మునుపటిలాగే చురుగ్గా ఆడుతోంది, ఒక్క పోగు తప్పడం లేదు. కానీ నాడె పంపిన ప్రతిసారీ భయంగా నా మొహం చూస్తుంది.

“కల్సిందా?” అంటుంది.

“కల్సింది స్వరూపా” అంటాను.

ఒక చీరలో వేల పోగులు. ప్రతి పోగుకూ అడుగుతుంది, ప్రతిసారీ చెబుతాను. ఇంకా నా మాట నమ్మడం లేదు.