ఆ రోజు ఆయిల్ తేటగా దిగింది

మా చిన్నప్పుడు పొదిలిలో, మా వీధిలో ఎవరన్నా బండికి ఆయిల్ మారుస్తున్నారని తెలిస్తే చాలు... సగం వీధి సీసాలు, డొక్కు డబ్బాలు పట్టుకుని గేటు దగ్గర తయారు! కాలిన ఆయిల్‌కి అంత గిరాకీ మరి. ద్వారబంధాలకి చెద పట్టకుండా ఒకరికి, గేటు కీళ్లకి ఒకరికి, గొడ్లచావిడి గుంజలకి ఇంకొకరికి...

మా ఇంటికీ ఒక చిన్న తెల్ల కారొచ్చింది. పాతదే. నాన్న బడి పంతులు. అమ్మ పుట్టిల్లు దాచేపల్లి... పోవాలంటే మూడు బస్సులు మారాలి. అమ్మకి బస్సు పడదు, ఎక్కితే వాంతులు. "నిన్నింక బస్సెక్కనియ్యను" అని మాటిచ్చి మరీ కొన్న కారది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పొద్దున్నే, చర్చికి బయల్దేరబోతుంటే, దాచేపల్లిలో అమ్మమ్మ దగ్గరుండే మావయ్య నుంచి ఫోన్. "అమ్మకి ఆయాసంగా ఉందక్కా... నిన్నే అడుగుతా ఉంది. కంగారేం లేదులే, మధ్యాహ్నానికి వచ్చెయ్యండి."

అమ్మ అయిదు నిమిషాల్లో సంచి సర్దేసింది. నాన్నేమో లుంగీ ఎగ్గట్టి పానాలు తీశాడు.

"ఏవండీ, వచ్చాక మార్చుకోకూడదా ఆ ఆయిల్?"

"అంత దూరం పాత ఆయిల్‌తోనా? దారిలో ఇంజను పట్టేస్తే ఏం చేస్తావ్? అరగంట పనే."

"పోనీ నేను బస్సుకి పోతా..."

ఆ మాటకి నాన్న ముఖం చిన్నబోయింది. అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

ఆయిల్ వారం ముందే కొనిపెట్టాడు. కొట్టతను పెట్రోలు కారుకని పలచటిది ఇవ్వబోతే, "మన ఎండలకి ఈ నీళ్లేం ఆగుతాయయ్యా" అని చిక్కటిది తెచ్చుకున్నాడు. మా వైపు అంతేగా... మజ్జిగైనా పప్పైనా ఆయిలైనా చిక్కగా ఉంటేనే మంచిదని మా నమ్మకం!

ముందు చక్రాలు రెండు బండల మీదకి ఎక్కించి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, కిందకి దూరాడు. తాతయ్య పొలంలో ఆయిలింజను విప్పుతూ, బిగిస్తూ పెరిగిన మనిషి. ఆ ఇంజనుకి అడుగున ఉండేది ఒకటే బోల్టు. ఇక్కడా ముందు చేతికి తగిలిన బోల్టు ఇప్పేశాడు. సొట్టల సత్తు బేసినులోకి ఆయిల్ దిగింది... తేటగా, తేనె రంగులో.

"చూశావే, ఎంత శుభ్రంగా ఉందో! మన డ్రైవింగు అట్లాంటిది!" అని మురిసిపోయాడు.

సీసా పట్టుకుని నిలబడ్డ పక్కింటి మరియమ్మత్త మూతి విరిచింది. "ఇదేం ఆయిల్ మాస్టారూ, నల్లగానే లేదు? ఇది పూస్తే చెదపురుగులు నవ్విపోతయ్!"

అందరం నవ్వాం. ఆ రోజు మొత్తంలో అమ్మ నవ్వింది అప్పుడొక్కసారే.

బోల్టు బిగించి, కొత్త ఆయిల్ పోసి, ఆయిల్ చూసే పుల్ల తీస్తే గీత దాటి బాగా పైకి ఉంది. "నిండు కుండ తొణకదులే" అన్నాడు నాన్న. రంగు ఎవరు చూశారు... అప్పటికే పదకొండు దాటింది.

దర్శి దాటాక గేర్లు ఒకటే మూలుగు. వెనకంతా పొగ. కురిచేడు దాటాక ఏదో విరిగినట్టు చప్పుడై కారు ఆగిపోయింది. చుట్టూ పత్తి చేలు, మిరప కళ్లాలు... పైన ఎండ.

నాన్న మళ్లీ పుల్ల తీశాడు. నల్లగా ఉంది! కారు కిందకి పాక్కుంటూ వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి కంకర మీదే కూలబడ్డాడు.

"రెండు బోల్టులున్నయ్యే... నేను ఇప్పింది గేరుబాక్సుది, అందుకే అంత తేటగా దిగింది. ఇంజన్లో పాతదాని మీదే కొత్తది పోశాను. గేర్లకి చుక్క ఆయిల్ లేకుండా ఇంత దూరం తోలుకొచ్చాను..."

మరియమ్మత్త అప్పుడే అంది కదా అని నా నోటిదాకా వచ్చింది. నాన్న ముఖం చూసి మింగేశాను. అమ్మ రోడ్డు మీదకి వెళ్లి, వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తుతూ నిలబడింది.

ఎంతసేపటికో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, ఆ పెద్ద పెద్ద బస్తాలు, వేసుకెళ్తున్న లారీ ఒకటి ఆగింది. క్యాబిన్‌లో ఇద్దరికే చోటు. అమ్మా నేనూ ఎక్కాం. నాన్న ఆయిల్ చేతులతో కారు పక్కనే ఉండిపోయాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే డ్రైవరు, "మిరప ఘాటమ్మా, అలవాటు లేనోళ్లకి అంతే" అన్నాడు పాపం. నర్సరావుపేటలో దిగి, మళ్లీ బస్సు... అమ్మకి పడని ఆ బస్సే.

మేం చేరేసరికి దీపాల వేళయింది. ఇంటి ముందు నిండా చెప్పులు. మావయ్య ఎదురొచ్చి, "పోయి గంటయిందక్కా... మధ్యాహ్నం నుంచీ గుమ్మం వంకే చూస్తా ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న వచ్చాడు. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు. ఆయన్ని చూసి అమ్మ అడిగింది ఒకటే మాట... "ఏమన్నా తిన్నారా?"

తిట్టినా బాగుండేది. నలుగురిలో నాలుగు దులిపేసినా నాన్న బతికిపోయేవాడు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న కారుంది, ఇక్కడ చీరాలలో. పొద్దున సర్వీసు సెంటర్లో ఇస్తే సాయంత్రానికి కడిగి, తుడిచి, ఆయిల్ మార్చి ఇచ్చేస్తారు. లోపలికి రానివ్వరు. పాత ఆయిల్ ఏ రంగులో దిగిందో, ఎటు పోయిందో మనకేం తెలుసు... సీసా పట్టుకొచ్చి ఉన్నమాట అనేసే మరియమ్మత్తలూ లేరు.

మా దగ్గరే ఉంటున్న నాన్న మాత్రం కారు ఇంటికి రాగానే అడుగుతాడు. "ఆయిల్ నల్లగానే దిగిందామ్మా?" నేను చూడకపోయినా, "నల్లగానే దిగింది నాన్నా" అంటాను ప్రతిసారీ.

మొన్న నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ అంది... "నల్లగానే దిగిందంట లెండి. ఇన్నేళ్లయింది... ఇంక అడగమాకండి."

ఇన్నేళ్లలో అమ్మ ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి. నాన్న తన గోళ్ల వంక చూసుకున్నాడు. నేను కారు తాళాలు మేకుకి తగిలించాను.

మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది... ప్రేమతో చేసిన తప్పు, ఎవరూ తిట్టని తప్పు. చెప్పుకోవాలనిపిస్తే కింద రాయండి... మా నాన్నకి చదివి వినిపిస్తాను.