కుంకుమ పెట్టిన కన్ను

“టాంకా గట్టిగా పెట్టమన్నానా? బొట్టు పెట్టినట్టు పెట్టీసినావు. చూడు, ఎడం చక్రం కదల్దు.”

“నా టాంకాకేటయింది? వైరు పట్టుకున్నది నువ్వు, చెయ్యి వణికింది నీకు. హర్ బాత్‌లో, ప్రతిదానికీ, నా మీద పడిపోడమే.”

హిందీవాళ్ళ ఊళ్ళో, మోవాలో, తెలుగు సంఘం హాలు వెనకగదిలో భీమారావు, ఆయన భార్య కోటమ్మ టాంకా గురించి, అంటే వైరు అతకడానికి సీసం కరిగించి పెట్టే చుక్క గురించి, పోట్లాడుకుంటున్నారు. వాళ్ళమ్మాయి ఊర్మిళ టార్చి పట్టుకుని నిలబడింది. అది తొంభై ఎనిమిది. నేను ఇంజనీరింగు మధ్యలో వదిలేసి మైకు సెట్లు మోస్తున్నాను. నాన్న నాతో మాట్లాడడం మానేశాడు. సంఘం మీటింగుకి మైకు బిగించడానికొచ్చి గుమ్మంలో ఆగిపోయాను.

నేల మీద పండరీ బజారులోని చీరల కొట్టు అట్టపెట్టెతో చేసిన బండి. పాత టేపురికార్డర్ల మోటార్లు రెండు, ముందువైపు వెలుతురును కనిపెట్టే కళ్ళు రెండు. టార్చి వేస్తే ఆ వెలుతురు వెంట నడవాలి. అదేమో ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

ఇది నేర్పేది విజయకుమారి. ఏలూరు వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు, అందరికీ సిస్టరమ్మ. ఇంట్లో పాడైన రేడియోలు విప్పి బిగించి ఈ విద్య పట్టింది. ఆదివారం చర్చి అయ్యాక క్లాసు. షరతు ఒక్కటే: ఎవరూ ఒంటరిగా రాకూడదు. టాంకాలు అమ్మానాన్నలు పెట్టాలి, ఎక్కడ పెట్టాలో పిల్లలు చెప్పాలి. “ఇంట్లో రోజంతా పెద్దవాళ్ళే చెబుతారుగా,” అనేది. నాకది వట్టి చాదస్తమనిపించింది.

సంఘం అధ్యక్షుడు సూర్యారావుకి ఆ గది పందిరి సామానుకి కావాలి. “బండి గోడదాకా నడిస్తే గది మీది, లేకపోతే తాళం నాది,” అని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సిస్టరమ్మ వంగి బండి మొహం చూసింది. “కోటమ్మగారూ, దీనికి పూజ చేశారా?”

“కొత్త బండికి బొట్టెట్టకుండా నడుపుతారేటి? మా కుక్కరుకీ ఎట్టినాను.”

కుడికన్ను నిండా కుంకుమ. ఆ కంటికి వెలుతురు తగిలితేనే ఎడమ చక్రం తిరిగేది.

“చర్చికెళ్ళే సిస్టరమ్మ క్లాసులో పూజలు కూడానా?” సూర్యారావు నవ్వాడు.

కోటమ్మ మొహం చిన్నబోయింది. సిస్టరమ్మ తడిదూదితో కన్ను తుడిచింది. “కుంకుమ ఇంకా ఉందామ్మా? నుదుట పెట్టండి. కంట్లో పెడితే మనకి మాత్రం దారి కనిపిస్తుందా?”

కోటమ్మ రెండు కళ్ళకీ పైన, మధ్యలో, దిద్దినట్టు పెట్టింది. ఊర్మిళ టార్చి వేసింది. బండి తిన్నగా కదిలి గోడని ఢీకొట్టింది. భీమారావు ఊరుకుంటాడా? టార్చి లాక్కుని వెలుతురు సూర్యారావు కుర్చీ కిందకి వేశాడు. బండి అటు తిరిగింది. అధ్యక్షుడుగారు కాళ్ళు పైకెత్తుకున్నారు.

“సర్లెండి, ఉంచుకోండి. పందిరి సామాను మా ఇంట్లోనే ఏడుస్తుంది,” అని తాళంచెవి సిస్టరమ్మ చేతిలో పెట్టాడు.

“చూశావా, నా టాంకా,” అంది కోటమ్మ. “వైరు నాది,” అన్నాడు భీమారావు.

సిస్టరమ్మ నావైపు తిరిగింది. “మైకు బాబూ, ఇంక జనం పెరుగుతారు. నాకు తోడు కావాలి. వచ్చే ఆదివారం వస్తావా?”

“వస్తాను.”

“షరతు నీకూ ఉంది. మీ నాన్నని తీసుకురా.”

“ఆయన నాతో మాట్లాడడు సిస్టరమ్మా.”

“మాట్లాడక్కర్లేదుగా. ఎక్కడ పెట్టాలో నువ్వు చెబుతావు, ఆయన టాంకా పెడతారు. తీసుకురా బాబూ.”