ఎలుగొచ్చిందన్నారు

మా అత్త నన్ను కంటికి రెప్పలా చూసుకుందని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నిజమే, చూసుకుంది. ఆ రెప్ప ఎప్పుడూ మూసే ఉంటే కన్నుకి ఏం కనిపిస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు.

డాబా మీద ఆరబోసిన జీడిపిక్కలు వానకి తడిసిపోతాయని, గోనె నెత్తిన పెట్టుకుని దిగుతూ జారాను. మెట్లకి పక్కన గోడ లేదు. కుడి తొడ ఎముక విరిగింది, నడుం దగ్గర నరం దెబ్బతింది. విశాఖలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇంటికొచ్చేసరికి మోకాలి కింద కాలు నాది కానట్టు వేలాడుతోంది. మా ఆయన పొద్దున్నే పలాసలో పప్పు ఫ్యాక్టరీకి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రాక. ఆ మధ్యంతా ముందుగదిలో నేనూ, నా మంచమూ, మా అత్తా.

ఆవిడే నీళ్లు పోసింది, జడ వేసింది. మంచం మీద నేను చేసినవన్నీ మొహం చిట్లించకుండా ఎత్తిపోసింది. కన్నతల్లి కూడా అంత చెయ్యదు. ఆ మాట నాకు రోజూ ఎవరో ఒకరు వచ్చి గుర్తుచేసేవారు.

"కాలు పోతే పోనాది, సేతులున్నాయి కదమ్మీ," అంది పక్కింటావిడ ఓ రోజు. అంతే, మా ఆయన ఫ్యాక్టరీ నుంచి పొట్టు తియ్యడానికి జీడిపప్పు తేవడం మొదలెట్టాడు. కూర్చుని చేసే పని కదా మరి! చిన్న చాకుతో గీకడం, గింజ విరక్కుండా పొట్టు ఊదడం. గోళ్లు మండేవి. నా బతుకింక ఈ చేట ముందేనా అని ఏడుపొచ్చేది.

టెక్కలిలో కాలికి వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి బస్సులో తిప్పారు. చాలా కాలానికి బొటనవేలు కదిలింది, తర్వాత మడమ ఆనింది. చివరికి ఆ అమ్మాయే అంది, "ఇంక మీకేం ప్రాబ్లం లేదు మేడం. బాగా నడవండి. బ్యాలెన్స్ వచ్చాక స్లోగా పరిగెత్తండి కూడా."

బస్సెక్కగానే మా అత్త మొదలెట్టింది. "ఆ పిల్లకేటి తెలుసు? పడితే ఎత్తేది ఆ పిల్లా, నానా?"

నిజమే, ఎత్తేది ఆవిడే.

అలా నా నడక మంచం నుంచి వంటింటికి, వంటింటి నుంచి మంచానికి అయింది. ఆవిడ బయటికి పోతే గేటుకి బయట గడియ వేసేది. "కూకో అమ్మీ, నెగకు, ఇప్పుడే వత్తాను." వీధిలో పోయేవాళ్లు కూడా నేను కిటికీ పట్టుకుని నిలబడితే చాలు, "కూకో, కూకో" అనేవారు.

"బావా, నాను బాగున్నాను. గేటు తియ్యమని మీ అమ్మకి సెప్పు," అన్నాను మా ఆయనతో.

"నీ మంచికే కదే. కొన్నాళ్లు ఓర్సుకో."

ఓర్చుకోడానికి నాకేమైనా జ్వరమా! అరుద్దామంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినదాన్నవుతాను. జైల్లో వాడికైనా జైలరుని తిట్టుకునే సుఖం ఉంటుంది. నాకదీ లేదు.

ఓ పొద్దున్న మా ఆయన ఫ్యాక్టరీకి పోయాక, కొళాయి వచ్చిందని వీధిలో కేకేశారు. మా అత్త బిందె పట్టుకుని గాభరాగా పోయింది. గడియ వెయ్యడం మర్చిపోయింది.

నేను బయటికొచ్చేశాను. జీడితోట మలుపు దాకా నడిచాను. ఎవరూ లేరు. కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపి, గబగబా నాలుగడుగులు వేశాను. కాలు తట్టుకుంది. ఇంకాస్త జోరుగా వేశాను. కుడిపాదం టపటపమని నేలని కొడుతోంది, చూసేవాళ్లుంటే ఎంత అసహ్యంగా ఉండేదో గానీ, అది పరుగే! అబ్బ, ఎంత హాయి! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ముక్కు కారింది. దేవుడా, ఇది చాలురా తండ్రీ అనుకున్నాను. ఆపబుద్ధి కాక, అక్కణ్ణుంచే తిరిగి ఊరి వైపు పరిగెత్తాను.

మా ఉద్దానంలో తోటల్లోంచి ఎలుగుబంట్లు ఊళ్లమీదికి రావడం కొత్త కాదు. పొద్దున్నే జీడితోట వైపు నుంచి ఆడమనిషి పరిగెత్తుకొస్తోందంటే ఇక్కడ దానికి ఒకటే అర్థం. వేపపుల్ల నములుతున్న ముసలాయన నన్ను చూసి పుల్ల పారేశాడు.

"ఓలమ్మో! ఎలుగు! ఎలుగొచ్చినాదిరో!"

కర్రలొచ్చాయి, పళ్లాలు మోగాయి. ఎలుగు నేదు, నేదని చెయ్యి ఊపాను. రక్షించమంటున్నాననుకున్నారు కాబోలు, ఇంకా గట్టిగా అరిచారు.

"ఆగకమ్మీ! లగెత్తు! ఎనక్కి సూడకు!"

ఇన్నాళ్లూ నన్ను కూకోమన్నవాళ్లే! నవ్వాపుకోలేక ఇంకా పరిగెత్తాను.

అప్పుడు కొళాయి వైపు నుంచి మా అత్త వచ్చింది. మోకాళ్ల నొప్పులతో రెండు మెట్లెక్కలేని మనిషి, బిందె పడేసి, దారిలో ఓ కంచె నుంచి కొబ్బరిమట్ట ఊడబెరికి పరిగెత్తుకొస్తోంది. వచ్చి నన్ను పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు. నన్ను దాటిపోయింది. నా వెనక, తోట వైపు తిరిగి, మట్ట రెండు చేతులతో ఎత్తి నిలబడింది.

"ఇంటికెల్లిపో! నానున్నాను!"

"అత్తా, ఎలుగు నేదు."

"ఎల్లమంతంటే!"

"నేదత్తా. ఉత్తినే పరిగెట్టినాను."

పళ్లాల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ మట్ట దించకుండా తోట వైపే చూస్తోంది. దాచుకున్న కోపమంతా ఆవిడ మొహాన కొట్టడానికి ఇదే అదననుకున్నాను. కానీ ఎలుగు నిజంగానే ఉండుంటే ఆవిడ అక్కడి నుంచి కదిలేది కాదు. ఎత్తి, కడిగి, తిండి పెట్టి, బంధించి, ఇప్పుడు నా కోసం చావడానికొచ్చిన ఆ మనిషికి రోడ్డు మీదే దణ్ణం పెట్టాలనిపించింది.

చివరికి తిరిగింది. నా పాదం వంక చూసింది. తిడుతుందని తల వంచుకున్నాను.

"ఎలుగొత్తాదని అటే సూసినాను గానీ నిన్ను సూడనేదే అమ్మీ," అంది చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోపాలి పరిగెట్టు. సూత్తాను."