సత్తెమ్మగారు నొక్కిన బటన్

2013. మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. అక్కడి డ్రయ్యరుకు, అంటే ఉడికించిన వడ్లను వేడిగాలితో ఆరబెట్టే పొడవాటి గూడుకు, వేడి ఎంతుందో చూపించే స్క్రీన్ చేసే పని కోదాడలోని మా చిన్న కంపెనీకి వచ్చింది. వేడి హద్దు దాటితే వడ్లు పగులుతాయి. ఇంకా పెరిగితే దుమ్ము అంటుకుంటుంది, ఎదురుగా ఉన్న మనిషికి ప్రమాదం.

పని రెండు ముక్కలు. సెన్సార్ నుంచి వేడిని చదివే ప్రోగ్రాం నేను సి ప్లస్ ప్లస్‌లో రాశాను. దాన్ని ఒకసారి కంపైల్ చేస్తే, అంటే యంత్రం భాషలోకి మారిస్తే, ఇక దాని పని అది చేసుకుపోతుంది. స్క్రీన్‌ను సూర్యాపేట నుంచి వచ్చే నా సహోద్యోగి నవీన్ క్యూఎంఎల్ అనే ఇంకో భాషలో రాశాడు. అందులో ఎలా గీయాలో చెప్పనక్కర్లేదు, ఏం కనిపించాలో చెబితే చాలు. ‘ఈ అంకె ఎప్పుడూ ఆ వేడే’ అని ఒక్క లైను రాస్తే రెండింటికీ ముడి పడుతుంది. దీన్ని బైండింగ్ అంటారు. అక్కడ వేడి మారితే ఇక్కడ అంకె దానంతట అదే మారుతుంది.

యజమాని వెంకటేశం సేటుకు ఇది నచ్చలేదు. “నొక్కెతందుకు ఏమన్న ఉండాలె మేడం. ముట్టకుంట నడిసేదాన్ని మావోళ్లు నమ్మరు” అన్నాడు. సరేనని నవీన్ ఒక పచ్చ బటన్ పెట్టాడు. పరీక్షలు బాగానే జరిగాయి. అంకె దానంతట అదే మారుతుంటే బటన్ నొక్కాలని మా ఇద్దరికీ తోచలేదు.

ముహూర్తం రోజు కొబ్బరికాయ కొట్టారు, స్క్రీన్ అంచుకు కుంకుమ పెట్టారు. సేటు తన తల్లి సత్తెమ్మగారిని ముందుకు పిలిచాడు. “అమ్మా, ముందుగాల నువ్వు నొక్కు.”

ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది. “ఇంట్ల ముత్తయిదువలే లేరా?” అని సేటు మేనత్త అందరికీ వినపడేట్టే గొణిగింది. సేటు విననట్టు నిలబడ్డాడు. సత్తెమ్మగారు చెయ్యి కొంగుకు తుడుచుకుని, బెరుకుగా బటన్ నొక్కారు. స్క్రీన్ మీద ముప్పై ఎనిమిది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆపరేటర్ సైదులు పొయ్యిలోకి ఊక వదిలాడు. ముప్పై ఎనిమిది. ఇంకా వదిలాడు. ముప్పై ఎనిమిదే. ఇవాళ్టి నుంచి పాత మీటరును కాదు, ఈ స్క్రీన్‌ను చూసే పని చెయ్యాలని సేటు అతనికి గట్టిగా చెప్పి ఉన్నాడు. టిఫిన్లు పంచుతున్నారు, నా ప్లేటులో ఇడ్లీ అలాగే ఉంది. ఊక అంత మండుతుంటే ఒక్క డిగ్రీ కూడా పెరగదేం? నవీన్ వైపు చూశాను, అతనూ ఆ అంకెనే చూస్తున్నాడు.

“సైదులన్నా, పైన పాత మీటరు ఒకసారి చూడవా?” అన్నాను.

అతను నిచ్చెనెక్కి చూశాడు. “మేడం, ముల్లు ఎర్రగీత కాడికొచ్చింది. గీడ ముప్పై ఎనిమిదే సూపిస్తుందేంది?”

ముహూర్తానికి నడిచిన యంత్రాన్ని ఆ గడియలోనే ఆపమంటే ఎంత అపశకునమో నాకు తెలియనిది కాదు. మొదట ముట్టింది ఎవరో అందరూ చూశారు కూడా. కానీ పొయ్యి ముందు ఉండాల్సింది సైదులు. “ఆపెయ్యండి” అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను.

ఊక ఆపారు. “నేను ముందే అన్న గద” అంది మేనత్త. సత్తెమ్మగారు ఎవరి వైపూ చూడకుండా పోయి గోడ పక్కన నిలబడ్డారు.

నవీన్ ల్యాప్‌టాప్‌లో వెతికితే కారణం దొరికింది. దొరికాక నా భయం రెట్టింపైంది. బటన్ నొక్కగానే ఆ క్షణాన ఉన్న వేడిని తెచ్చి అంకె చోట పెట్టమని ఒక లైను ఉంది. అలా చేత్తో తెచ్చి పెడితే బైండింగ్ తెగిపోతుంది, మళ్లీ నొక్కేదాకా అంకె కదలదు. అంటే సత్తెమ్మగారు నొక్కడం వల్లే ఆగింది.

“ఏమైంది మేడం, ఎందుకాగింది?” సేటు అడిగాడు.

ఉన్నమాట ఒక్క ముక్కలో చెబితే అది ఆమెను జన్మలో వదలదు. అబద్ధమాడితే రేపు సైదులు ఏ అంకెను నమ్మాలి? నేను స్క్రీన్ ఆపి మళ్లీ వేశాను. ఈసారి అసలు వేడి కనిపించింది, అంకె మెల్లగా దిగుతోంది. మేనత్త దగ్గరికి వెళ్లి, “అమ్మా, మీరొకసారి నొక్కండి” అన్నాను.

ఆమె గాజులు సవరించుకుని మరీ నొక్కింది. అంకె అక్కడే బిగుసుకుపోయింది.

“చూశారుగా. ఎవరి చెయ్యి పడినా ఆగుతుంది. తప్పు మా లైనులో ఉంది, చేతిలో లేదు” అన్నాను.

నవీన్ ఆ లైను తీసేసి స్క్రీన్ మళ్లీ వేశాడు. సేటు తల్లిని పిలిస్తే ఆమె తల అడ్డంగా ఊపారు. “నాకొద్దు బిడ్డా, ఇంకెవలన్న నొక్కుండ్రి.”

“నువ్వే నొక్కాలె” అంటూ సేటు ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె నొక్కి, వెంటనే కళ్లు మూసుకున్నారు.

“కదులుతున్నది పెద్దమ్మా, సూడు” అన్నాడు సైదులు.

రెండు ప్రోగ్రాములు కలిసే చోట తప్పుంటే దాన్ని ఎప్పుడో ఒకప్పుడు దిద్దుకోవచ్చు అనుకునేదాన్ని. కానీ అది దొరికేదాకా నింద ఊరికే కూర్చోదు, ఇంట్లో అందరికన్నా లోకువైన మనిషిని వెతుక్కుంటూ పోతుంది. అందుకే తప్పు మాదైతే అక్కడికక్కడే, అందరి ముందూ చెప్పడం ఆ రోజు నుంచి నా పనిలో భాగమైంది.